శుక్రవారం అన్న ఫోన్ మంగళవారమే ఎందుకొస్తుంది?

ఆర్డర్ పెట్టినప్పుడు స్క్రీన్ మీద ‘శుక్రవారం లోపు’ అని పడింది. ఇంట్లో అందరూ శుక్రవారానికే లెక్క వేసుకున్నారు. మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగింది. ‘‘సార్, పార్సిల్ తెచ్చాను, ఇంటి దగ్గరున్నారా?’’ ఇంటికి తాళం. ఓటీపీ వెళ్లే నంబరేమో హాస్టల్లో ఉన్న కొడుకు దగ్గరుంది. ఆన్‌లైన్‌లో ఖరీదైన ఫోన్ కొన్నవాళ్లలో చాలామందికి తెలిసిన కంగారే ఇది.

ఇలా ముందే రావడానికి జనం చెప్పుకునే కారణాలు రెండు. ఒకటి అదృష్టం. రెండోది, ‘మనల్ని మురిపించడానికి కావాలనే నాలుగు రోజులు కలిపి చెబుతారు’ అన్నది. రెండోదాంట్లో కొంత నిజముంది గానీ అసలు సంగతి అది కాదు. స్క్రీన్ మీద కనిపించే తేదీ ‘ఫోన్ ఎప్పుడొస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు కాదు. ‘ఏ తేదీ చెబితే మాట పోకుండా ఉంటుంది?’ అన్న ప్రశ్నకు జవాబు. మంగళవారానికీ శుక్రవారానికీ మధ్య ఉన్న మూడు రోజులూ ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడాయే.

అయిదు రెళ్లు పది

గోదాము నుంచి గుమ్మం దాకా ఫోన్ చేసే ప్రయాణాన్ని అయిదు మెట్లుగా విడగొట్టి చూద్దాం. మొదటిది గోదాములో ప్యాకింగు. రెండోది, కొరియర్ వాళ్లు వచ్చి తీసుకెళ్లి ఆ నగరంలోని పెద్ద హబ్‌లో ఏ ఊరికి పోయేది ఆ ఊరి కుప్పలో వేయడం. మూడోది లారీలోనో విమానంలోనో దూర ప్రయాణం. నాలుగోది మన వైపు పెద్ద హబ్ నుంచి ఊళ్లోని చిన్న హబ్‌కు చేరడం. అయిదోది బండి మీద ఇంటికి. లెక్క తేలిగ్గా ఉండటానికి అన్ని మెట్లూ ఒకేలా ఉన్నాయనుకుందాం. ప్రతి మెట్టూ పదిసార్లలో ఏడుసార్లు ఒక్క రోజులో అయిపోతుంది, రెండుసార్లు రెండు రోజులు పడుతుంది, ఒకసారి మూడు రోజులు లాగుతుంది.

ఇప్పుడు కస్టమరుకు తేదీ చెప్పే పని మీదే అనుకోండి. ప్యాకింగు వాళ్లను అడుగుతారు. వాళ్లు ‘రెండు రోజులు రాసుకోండి’ అంటారు, పదింట తొమ్మిదిసార్లు రెండు రోజుల్లో అయిపోతుంది కాబట్టి. హబ్ వాళ్లూ రెండే అంటారు, లారీ వాళ్లూ రెండే అంటారు. అయిదు రెళ్లు పది. ఈ మంగళవారం ఆర్డర్ పెట్టినవాళ్లకు వచ్చేవారం శుక్రవారం అని చెప్పేస్తారు.

అదే లెక్క ప్రకారం వంద ఆర్డర్లు పంపితే ఏమవుతుందో చూడండి. సుమారు 67 మందికి ఏడో రోజుకే, అంటే మంగళవారానికో అంతకన్నా ముందో ఫోన్ చేతిలో ఉంటుంది. మొత్తం మీద 94 మందికి శుక్రవారం కంటే ముందే వచ్చేస్తుంది. సరిగ్గా శుక్రవారం అందేది నలుగురికి. ఆలస్యమయ్యేది ఇద్దరికి. అయిదు మెట్లూ ఒకేసారి మొండికేసి మూడేసి రోజులు పట్టడమన్నది లక్ష ఆర్డర్లలో ఒకసారి జరిగే పని. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి మెట్టుకు వాళ్లు కాస్త జాగ్రత్త కలుపుకున్నారు, అంతే. ఆ జాగ్రత్తలన్నీ కూడి మూడు రోజులయ్యాయి.

పెద్ద కంపెనీలు ఇంత నాటుగా కూడవు. ఫలానా గోదాము నుంచి ఫలానా పిన్‌కోడ్‌కు ఇదివరకు వెళ్లిన పార్సిళ్లు ఎన్నాళ్లలో చేరాయో మొత్తం దారికి కలిపి చూస్తాయి. అప్పుడు కూడా సగటు తేదీ చెప్పరు. సగటు చెబితే సుమారు సగం మంది ఆలస్యమైందని ఫోన్లు చేస్తారు. నూటికి తొంభై మందికో, తొంభై అయిదు మందికో చేరిపోయే తేదీ పట్టుకుంటారు. మన లెక్కలో అది తొమ్మిదో రోజు, అంటే గురువారం అనుకుందాం. అయినా వందలో 84 మందికి గురువారం కంటే ముందే వస్తుంది. అంచనా ఎంత మెరుగైనా ఈ రకం తేదీ పెట్టినంత కాలం ఎక్కువమందికి ముందే రావాలి. లేకపోతేనే లెక్కలో తప్పున్నట్టు.

ఆలస్యానికీ తొందరకూ అయ్యే ఖర్చు ఒకటి కాదు. ఒక్క రోజు లేటైతే కస్టమర్ కేర్‌కు రెండు మూడు ఫోన్లు, ఓపిక నశిస్తే క్యాన్సిల్, క్యాన్సిలైన ఫోన్‌ను మళ్లీ వెనక్కి మోసుకెళ్లే కిరాయి. ముందే వస్తే కంపెనీకి పోయేది దాదాపు ఏమీ లేదు. మరి పదిహేను రోజులని చెప్పేసి కూర్చోవచ్చు కదా అంటే, పక్క సైటు ‘రేపే’ అంటుంది. కొనేవాడు అటు పోతాడు. కాబట్టి కలిపే రోజులకు కూడా ఒక హద్దుంటుంది. మూడు రోజులు ముందు రావడం మామూలే, మూడు వారాలు ముందు వచ్చిందంటే మాత్రం కారణం వేరే ఉంటుంది. దాని సంగతి కింద చూద్దాం.

సికింద్రాబాద్ రైలెక్కేవాళ్లకు ఇదేం కొత్త కాదు. చివరి స్టేషను ముందు టైమ్‌టేబుల్లో అదనపు సమయం కలిపి ఉంచుతారు, దారిలో అయిన ఆలస్యాన్ని అక్కడ పూడ్చుకోవడానికి. బండి ఎక్కడా ఆగకుండా వస్తే ఆ సమయం మిగిలిపోతుంది. ముందే వచ్చినందుకు బహుమానంగా మౌలాలి దగ్గర అవుటర్లో నిలబెడతారు. పార్సిళ్లకు అవుటర్ లేదు, అదొక్కటే తేడా.

గంట కలిసొస్తే రోజు కలిసొస్తుంది

పై లెక్కలో రోజులు పూర్తి రోజులుగానే ఎందుకు మారతాయో తెలియాలంటే, ఊళ్లోని చిన్న హబ్‌ను పొద్దున్న ఏడింటికి చూడాలి. షట్టరు సగం లేపి ఉంటుంది. విజయవాడ నుంచి భీమవరం వచ్చిన బండి వెనక తలుపు తీసి సంచులు దింపుతుంటారు. ఒక్కో సంచికీ నంబరున్న ప్లాస్టిక్ సీలు. ఆ నంబరు స్కాన్ చేసి, సీలు కోసి, లోపలి పార్సిళ్లను ఒక్కొక్కటిగా స్కాన్ చేసి, వీధుల వారీగా కుప్పలు పోస్తారు. ఫోన్ల వంటి విలువైన సరుకు వేరే సంచిలో, వేరే లెక్కతో వస్తుంది. దాన్ని కుప్పలో వేయరు, ఏ డెలివరీ బాయ్ తీసుకుంటాడో అతని పేరు మీద నేరుగా ఎక్కిస్తారు. తొమ్మిదింటికల్లా బ్యాగులు భుజానికెత్తుకుని బళ్లు వెళ్లిపోతాయి.

బండి ఏడింటికి వస్తే మీ ఫోన్ ఈ రోజు బ్యాగులో ఉంటుంది. అదే బండి పదింటికి వస్తే, బ్యాగులు అప్పటికే వెళ్లిపోయాయి కాబట్టి, ఫోన్ రేపటిదాకా హబ్‌లోనే పడుకుంటుంది. మూడు గంటల తేడా కస్టమరుకు ఒక రోజు తేడాగా కనిపిస్తుంది. బెంగళూరు నుంచి హైదరాబాద్ సుమారు 570 కిలోమీటర్లు. రాత్రి ఎనిమిదింటికి బయల్దేరిన లారీ తెల్లారేసరికి దిగుతుంది. గోదాములో ప్యాకింగు సాయంత్రం ఆరింటికి పూర్తయితే ఆ లారీ అందుతుంది. తొమ్మిదింటికి పూర్తయితే మర్నాటి రాత్రి లారీయే దిక్కు. కొరియర్ వాళ్ల భాషలో దీన్నే బండి ‘కనెక్ట్’ అవడం, కాకపోవడం అంటారు. దారిలో ఇలాంటి కనెక్షన్లు మూడుంటే, కంప్యూటరు వాటిలో ఒకటో రెండో తప్పుతాయని అనుకునే తేదీ ఇస్తుంది. మూడూ దొరికిన రోజున ఫోన్ రెండు రోజులు ముందు గుమ్మంలో ఉంటుంది. కొన్నిచోట్ల ఆదివారాన్ని లెక్కలోకి తీసుకోరు, కానీ హబ్ ఆదివారమూ పనిచేస్తుంది. అది ఇంకో రోజు.

తేదీ చెప్పేటప్పుడు లారీ అనుకుని, పంపేటప్పుడు విమానంలో వేయడం కూడా ఉంది. గురుగ్రామ్ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 1,500 కిలోమీటర్ల పైన, లారీకి దగ్గర దగ్గర మూడు రోజులు. విమానానికి రెండు గంటల చిల్లర. మిక్సీ అయితే ఈ ఆలోచనే రాదు. అయిదు కిలోల బరువు, మూడు వేల ధర, విమానం కిరాయి గిట్టదు. ఫోన్ పెట్టెతో కలిపి అరకిలో ఉండదు, ధర ఎనభై వేలు. దాన్ని దారిలో ఉంచిన ప్రతి గంటా పోతుందేమోనన్న భయమే. అందుకే విమానంలో జాగా దొరికితే ముందు ఎక్కేది ఫోన్లే. అడ్డం పడేది లిథియం బ్యాటరీ. పరికరంలోనే బిగించి ఉన్న బ్యాటరీలకు విమాన రవాణాలో యూఎన్ 3481 అనే గుర్తింపు సంఖ్య ఉంది. పార్సిళ్ల మీద మంట బొమ్మతో కనిపించే ఎర్ర గళ్ల అంచు లేబుల్ మీద ఉండేది ఇలాంటి సంఖ్యే. ప్యాకింగు నిబంధనలకు తగ్గట్టు ఉంటే ఎక్కిస్తారు, అనుమానముంటే దింపేస్తారు. దింపేస్తే రోడ్డే. కాబట్టి తేదీ ఇచ్చేటప్పుడు రోడ్డును నమ్ముకోవడమే క్షేమం.

సర్కారు కూడా ఇలాగే లెక్క కడుతుంది. 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే జీఎస్టీ ఈ-వే బిల్లు అనే రవాణా పత్రం కావాలి. మామూలు సరుకుకు దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. గురుగ్రామ్–హైదరాబాద్‌కు 1,550 కిలోమీటర్లు వేసుకుంటే ఎనిమిది రోజులు. లారీ మూడు రోజుల్లో చేసే పనికి చట్టం ఎనిమిది రోజులిచ్చింది. అక్కడా ఎవరూ ఎనిమిదో రోజున రమ్మనలేదు, ఎనిమిది దాటొద్దన్నారు.

కొత్త మోడల్ దిగిన వారం

మామూలు రోజుల్లో రవాణాతో ఈ లెక్క తేలిపోతుంది. కొత్త మోడల్ దిగినప్పుడు తేదీని నడిపేది రవాణా కాదు, సరుకు. మూడు వారాలు ముందు రావడమనే వింత ఇక్కడే జరుగుతుంది.

దీనికి పేరుపడ్డ ఉదాహరణ ఐఫోన్ టెన్. 2017 అక్టోబరు 27న ముందస్తు ఆర్డర్లు తెరిచారు, అమ్మకాలు నవంబరు 3న. తెరిచిన కొద్ది నిమిషాల్లోనే అమెరికాలో ఆపిల్ సైటు చూపించే గడువు అయిదారు వారాలకు జరిగిపోయింది. ముఖం గుర్తుపట్టే కొత్త కెమెరా భాగాల తయారీ కుదురుకోలేదని అప్పటికే వార్తలొస్తున్నాయి. జనం డిసెంబరు దాకా ఆశ వదులుకున్నారు. తీరా చూస్తే నవంబరులోనే ఆ గడువు మూడు నాలుగు వారాలకు, తర్వాత రెండు మూడు వారాలకు, ఇంకా కిందికి దిగుతూ వచ్చింది. మొదట్లో ఆర్డర్ పెట్టి డిసెంబరు తేదీ పొందినవాళ్లలో చాలామందికి ఫోన్ నవంబరులోనే చేరింది.

కారణం తేదీ పుట్టిన క్షణంలోనే ఉంది. మీరు ఆర్డర్ నొక్కిన నిమిషంలో కంప్యూటరు రెండే చూస్తుంది: మీ ముందు వరసలో ఎంతమంది ఉన్నారు, ఖాయంగా వస్తుందని చెప్పగలిగే సరుకు ఎంత ఉంది. ‘ఖాయంగా’ అన్న మాటలోనే కిటుకంతా ఉంది. కొత్త భాగం తయారీ మొదలెట్టినప్పుడు వంద చేస్తే అరవయ్యే పరీక్ష నెగ్గాయనుకోండి, వచ్చే నెల కూడా అరవయ్యే అనుకుని లెక్క వేస్తారు. పని చేతికి అలవాటయ్యాక వందకు ఎనభై నెగ్గుతాయి. ఎనభై అవుతాయని ఫ్యాక్టరీలో అందరికీ నమ్మకమే, కానీ నమ్మకం మీద కస్టమరుకు తేదీ ఇవ్వరు. అరవై నుంచి ఎనభైకి పెరిగిందంటే వరస మూడో వంతు వేగంగా కదిలినట్టు. ఆరు వారాల వరస నాలుగున్నర వారాల్లో కరిగిపోతుంది. ‘తయారీ పెరిగింది’ అన్న మాటేదీ మీ మెయిల్లోకి రాదు. పాత తేదీ అలాగే ఉంటుంది, ఫోన్ ముందే వస్తుంది.

భయం ఎక్కువున్నప్పుడు ఇచ్చిన తేదీ అన్నిటికన్నా ఎక్కువ తప్పుతుంది. 2022 నవంబరు 6న, చైనాలోని ఝెంగ్‌ఝౌ ఫ్యాక్టరీ కరోనా ఆంక్షల వల్ల తగ్గిన సామర్థ్యంతో నడుస్తోందనీ, ఐఫోన్ 14 ప్రో కోసం జనం ఎక్కువ కాలం ఆగాల్సి ఉంటుందనీ ఆపిల్ ప్రకటించింది. ఫ్యాక్టరీ మళ్లీ ఎప్పుడు పుంజుకుంటుందో తెలియనప్పుడు తేదీ చెప్పాలంటే, చెడ్డ రోజులే కొనసాగుతాయని అనుకుని చెప్పాలి. కొత్త ఏడాది వచ్చేసరికి పరిస్థితి చక్కబడి గడువులు దిగిపోయాయి.

వరస కరగడానికి ఇంకో దారి ముందున్నవాళ్లు తప్పుకోవడం. కొత్త ఫోన్ కోసం ఇద్దరు ముగ్గురు పేర్ల మీద, రెండు సైట్లలో బుక్ చేసి, ఏది ముందొస్తే అది ఉంచుకుని మిగతావి క్యాన్సిల్ చేసేవాళ్లు కొల్లలు. ఈఎంఐ తిరస్కరణకు గురవుతుంది. పాత ఫోన్ ఎక్స్ఛేంజిలో స్క్రీన్ మీద గీత ఉందని తీసుకోరు, దాంతో మొత్తం ఆర్డరే పోతుంది. ఇలా వదిలిన ప్రతి ఫోనూ వరసలో తర్వాతివాడికి వెళుతుంది.

ఆ వరస ఒక్కటి కాదు. 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రో మాక్స్‌నే తీసుకుంటే మూడు రంగులు, నాలుగు స్టోరేజీలు, అంటే పన్నెండు వేర్వేరు వరసలు. ఆరెంజ్ 256 జీబీ వరసలో వందమంది తప్పుకున్నా నీలం 1 టీబీ వాడికి ఒరిగేదేమీ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే నిమిషంలో బుక్ చేస్తే ఒకరికి రెండు వారాలు ముందొచ్చి ఇంకొకరికి రాకపోవడం వెనక ఉన్నది ఈ పన్నెండు వరసల గోలే. అందరూ ఎగబడే రంగు వరస పొడుగ్గా ఉన్నా రోజూ కదులుతుంటుంది. ఎవరికీ పట్టని రంగు–స్టోరేజీ జంట వరసలో పదిమందే ఉంటారు, కానీ సరుకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు పదిమందికీ ఒకేసారి తీరిపోతుంది. నెల రోజుల గడువు వారంలో ముగియడం ఎక్కువగా ఇలాంటి వరసల్లోనే.

మొదటి విడతలో, అంటే అమ్మకం మొదలయ్యే రోజుకే తేదీ దొరికినవాళ్లకు మాత్రం ముందే రాదు. ఐఫోన్ 17కు 2025 సెప్టెంబరు 12 సాయంత్రం అయిదున్నరకు మన దేశంలో ముందస్తు బుకింగులు తెరిచారు, అమ్మకం 19న. అమ్మకం తేదీ నాటికి అందించాలంటే ఫోన్లు ముందే నగరాలకు చేరి ఉండాలి. అలా చేరినవాటిని అమ్మకం తేదీ దాకా ఇవ్వకూడదని కంపెనీ షరతు. అందుకే మొదటి విడత వాళ్లకు సరిగ్గా చెప్పిన రోజే, చెప్పిన పూటే వస్తుంది. ముందు రావడమన్నది రెండో విడత, మూడో విడత వాళ్లకు దక్కే భోగం.

సరుకు ముందే తయారై ఉందనడానికి సాక్ష్యం మీ పెట్టె మీదే ఉంటుంది. ప్యాకేజ్డ్ సరుకుల తూనికలు–కొలతల నిబంధనల ప్రకారం ఎమ్మార్పీతో పాటు తయారైన నెల, సంవత్సరం ముద్రించాలి. సెప్టెంబరులో విడుదలైన ఫోన్ పెట్టె మీద ఆగస్టు అని కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఏ గోదాము నుంచి వచ్చింది?

శ్రీసిటీ చెన్నైకి ఉత్తరాన, మన తిరుపతి జిల్లాలో ఉంది. 2015 నుంచి అక్కడ ఫోన్లు బిగిస్తున్నారు. అక్కడ బిగించిన ఫోన్ నెల్లూరుకు నేరుగా రావాలని లేదు. అమ్మేవాళ్ల గోదాము కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో ఉంటే అక్కడిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది. మీకు తేదీ చెప్పేటప్పుడు ఆ దూరపు గోదామునే లెక్కలోకి తీసుకుంటారు. ప్యాకింగు వేళకు దగ్గరి గోదాములోకి అదే రంగు, అదే స్టోరేజీ సరుకు దిగితే ఆర్డర్‌ను అక్కడికి మార్చేస్తారు. కిరాయి తగ్గుతుంది కాబట్టి కంపెనీకీ లాభమే. తేదీ మాత్రం పాతదే.

అలా మారిందో లేదో బిల్లు చూస్తే తెలిసిపోతుంది. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు. 36 అయితే తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 29 కర్ణాటక, 33 తమిళనాడు, 27 మహారాష్ట్ర, 06 హర్యానా. 06 చూస్తే మూడు నాలుగు రోజులు ఓపిక పట్టొచ్చు. 36 అని ఉండి మీరు వరంగల్లో ఉంటే, శుక్రవారం అన్న మాట పక్కన పెట్టి రేపు ఇంట్లో ఎవరుంటారో చూసుకోవాలి.

సరుకును జనానికి దగ్గరగా ముందే పెట్టడమన్న ఆలోచన పాతదే. కస్టమర్ ఇంకా కొనకముందే సరుకును అతని ప్రాంతం వైపు పంపే పద్ధతికి అమెజాన్ 2013 డిసెంబరులో అమెరికాలో పేటెంట్ తీసుకుంది. దీని చివరి మెట్టు 2024 సెప్టెంబరు 20న చూశాం. ఐఫోన్ 16 విడుదల రోజునే కొన్ని నగరాల్లో బ్లింకిట్ పది నిమిషాల్లో ఇంటికి తెచ్చింది. ఫోన్ మీ పేటలోని గోదాములోనే ఉన్నప్పుడు అయిదు మెట్లలో నాలుగు మాయమవుతాయి. మిగిలిన ఒక్క మెట్టుకు కలపాల్సిన జాగ్రత్త కూడా నిమిషాల్లోనే ఉంటుంది.

ఒక్క మెట్టు కుదించినా ఎంత తేడా వస్తుందో చెన్నై చూపించింది. 2025 వసంతంలో అమెరికా సుంకాల భయంతో ఆపిల్ ఇండియా నుంచి సుమారు 600 టన్నుల ఐఫోన్లను సరుకు విమానాల్లో తరలించిందని ఏప్రిల్లో రాయిటర్స్ రాసింది. పదిహేను లక్షల ఫోన్ల దాకా ఉండొచ్చని అంచనా. అందులో గమనించాల్సింది విమానాల సంఖ్య కాదు. చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ తనిఖీకి పట్టే సమయాన్ని 30 గంటల నుంచి ఆరు గంటలకు తగ్గించేలా ఆపిల్ అధికారులను కోరిందన్నది. విమానం ఎంత వేగంగా ఎగిరినా, నేల మీద కాగితాల దగ్గర మిగిలిన ఆ ఒక్క రోజే అసలు లాభం.

ట్రాకింగ్ పేజీ చదవడం

‘షిప్డ్’ అన్న మాట చూసి పొంగిపోవద్దు. చాలాసార్లు దానర్థం కొరియర్ లేబుల్ ముద్రించారని మాత్రమే. ఫోన్ ఇంకా గోదాములోనే ఉండొచ్చు. నమ్మదగిన మొదటి గుర్తు ఐఎంఈఐతో, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరుతో వచ్చే బిల్లు. ఆ 15 అంకెలు బిల్లు మీద పడ్డాయంటే ఫలానా పెట్టెను మీ పేరు మీద స్కాన్ చేశారన్నమాట. అప్పటిదాకా మీకున్నది వరసలో చోటు, ఇప్పుడు ఫోనే ఉంది. తర్వాత చూడాల్సింది ఊరి పేరుతో పడే మొదటి హబ్ స్కాన్. ఆఖరుది, మీ ఊరి హబ్‌కు చేరిందన్న సందేశం ఏ వేళకు వచ్చిందన్నది. రాత్రి పూట వచ్చిందంటే రేపు పొద్దున్న బ్యాగులో మీ ఫోన్ ఉన్నట్టే లెక్క. పొద్దున పదింటికి వచ్చిందంటే ఇక రేపే.

ఇంత స్పష్టంగా తెలుస్తున్నా పైన తేదీ మాత్రం శుక్రవారం అనే ఎందుకుంటుంది? మార్చి మంగళవారం అని చూపించి, ఆ రోజు డెలివరీ బాయ్ బండి పంక్చరై బుధవారం తెస్తే, రెండు రోజులు ముందొచ్చిన ఫోన్ కూడా ‘ఆలస్యం’ ఖాతాలో పడుతుంది. తిట్లూ పడతాయి. శుక్రవారాన్ని కదపకపోతే ఏ గొడవా లేదు. కస్టమరుకు ఇది చిరాకే, కానీ కంపెనీ వైపు నుంచి చూస్తే తప్పుబట్టడం కష్టం.

మన అయిదు మెట్ల లెక్కలో ఒక లోపముంది. ఒక మెట్టు ఆలస్యానికీ ఇంకో మెట్టు ఆలస్యానికీ సంబంధం లేదనుకున్నాం. వాన వస్తే ఆ మాట నిలవదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగాయి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటప్పుడు లారీ, హబ్, చివరి బండి అన్నీ ఒకేసారి ఆగుతాయి. లక్షలో ఒకటనుకున్నది వేలమందికి ఒకేసారి జరుగుతుంది. మామూలు వారాల్లో మిగిలిపోతున్న ఆ మూడు రోజులు ఇలాంటి వారాల కోసమే పెట్టినవి, అప్పటికీ చాలవు.

ముందే వచ్చేటప్పుడు దొంగలకూ సందు దొరుకుతుంది. శుక్రవారం రావాల్సిన ఫోన్ గురించి మంగళవారమే ‘‘పార్సిల్ వచ్చింది, ఓటీపీ చెప్పండి’’ అని ఫోన్ వస్తే, ముందే రావడం మామూలే కదా అని నమ్మేస్తాం. ఓటీపీ పెట్టె చేతికొచ్చాకే, ఎదురుగా నిలబడ్డ మనిషికే చెప్పాలి. ఫోనులో కాదు. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే విప్పి చూశాకే. పెట్టె మీది ఐఎంఈఐ, బిల్లు మీదిది, ఫోన్ ఆన్ చేసి *#06# కొడితే కనిపించేది, మూడూ ఒకటే కావాలి. అనుమానముంటే ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, కాస్త చోటు వదిలి, ఐఎంఈఐ టైపు చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ నంబరు ఏ మోడల్‌దో జవాబొస్తుంది. డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఉండని రోజుల్లో ఆర్డర్ పెడితే, గడువు తేదీకి కాదు, గడువుకు మూడు రోజుల ముందు నుంచీ ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. ఓటీపీ వెళ్లే నంబరు ఆ మనిషిదే పెట్టండి. పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లమని చెప్పేముందు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లోపముంటే మార్చిచ్చే గడువు, ఏడు రోజులనుకుంటే, చెప్పిన తేదీ నుంచి మొదలవదు, అందిన తేదీ నుంచి మొదలవుతుంది. మంగళవారం పక్కింట్లో దిగిన ఫోన్‌ను శుక్రవారం ఊరి నుంచి వచ్చి విప్పితే, అందులో మూడు రోజులు అప్పటికే అయిపోయి ఉంటాయి.